పగలు చార్జింగ్ బాగుంటుంది, రాత్రి బ్యాటరీ దిగిపోతుంది: మూడు నెలలుగా ఇదే బాధ

మదనపల్లె పికప్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది మదనపల్లె. సొంత డీజిల్ పికప్ నడుపుతాను, తొమ్మిదేళ్ల బండి. మార్కెట్ యార్డులో టమాటా ఎత్తుకుని పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై కోయంబేడుకు పోతాను. సీజన్‌లో వారానికి మూడు నాలుగు ట్రిప్పులు ఉంటాయి.

మూడు నెలలుగా ఒకటే సమస్య. మధ్యాహ్నం లోడుతో బయలుదేరితే మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరేదాకా ఏ ఇబ్బందీ ఉండదు. చీకటి పడి హెడ్‌లైట్లు వేశాక మొదలవుతుంది. రాణిపేట దాటేసరికి వెలుగు పసుపు రంగుకు తిరుగుతుంది, హారన్ గొంతు తగ్గుతుంది. కోయంబేడులో క్రేట్లు దించి సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటుంది తప్ప ఇంజిన్ తిరగదు. హమాలీలను బతిమాలి తోయించుకుని స్టార్ట్ చేసుకోవాలి. తెల్లారాక తిరుగు ప్రయాణంలో లైట్లు ఉండవు కాబట్టి ఇంటికి వచ్చేసరికి బ్యాటరీ మళ్లీ కోలుకుంటుంది.

ఇప్పటిదాకా చేయించినవి చెబుతాను. మొదట పాత బ్యాటరీ ఇచ్చేసి కొత్తది వేయించాను, 70 ఏహెచ్ కెపాసిటీది, మూతలున్న రకం. మూడు ట్రిప్పులకే మళ్లీ అదే కథ. తరువాత ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ విప్పించి కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటర్, బేరింగులు మార్పించాను. బెల్ట్ కూడా కొత్తదే. రెండింటికీ కలిపి పదకొండు వేలకు పైగా అయింది. రెండు షాపుల్లో మీటర్ పెట్టి చూశారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు వచ్చింది. "చార్జింగ్ బ్రహ్మాండంగా ఉంది, నువ్వే లైట్లు ఎక్కువ వాడుతున్నావు" అన్నారు. రాత్రి పూట లైట్లు వేయకుండా ఎలా నడపాలి?

గత వారం వాలాజాపేట దగ్గర వాన పట్టుకుంది. వైపర్ అద్దం మధ్యలోకి వచ్చి ఆగి, మళ్లీ ఈడ్చుకుంటూ కదిలింది. ముందున్న లారీ కనిపించలేదు. బండిని రోడ్డు పక్కకు తీసి వాన తగ్గేదాకా నలభై నిమిషాలు నిలబడ్డాను. ఒక్కడినే ఉన్నాను, చాలా భయం వేసింది. అప్పటి నుంచి రాత్రి ట్రిప్పు అంటేనే టెన్షన్.

ఇంకో చిన్న విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. మీటర్ బోర్డులో బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర లైటు రాత్రి పూట చాలా సన్నగా వెలుగుతూ ఉంటుంది. మిణుగురంత వెలుగు. పగలు చూస్తే ఆరిపోయినట్టే ఉంటుంది. షాపులో చెబితే పట్టించుకోలేదు.

ఎవరికైనా ఇలా జరిగిందా? ఇంకో ఆల్టర్నేటర్ కొనే స్తోమత ఇప్పుడు లేదు.


ట్రావెల్స్ డ్రైవర్, కర్నూలు

అన్నా, ఆల్టర్నేటర్ రిపేరు సరిగ్గా చేసి ఉండరు. సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, నడుస్తుండగానే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ పీకేయండి. లైట్లు వెలుగుతూ ఉంటే ఆల్టర్నేటర్ మంచిది, ఆరిపోతే పోయినట్టే. మా దగ్గర అందరూ ఇలాగే చూస్తారు.


అనంతపురం ఆటో ఎలక్ట్రీషియన్

పైన చెప్పిన పరీక్ష దయచేసి చేయకండి. నేను 27 ఏళ్లుగా వాహనాల వైరింగ్ పని చేస్తున్నాను. ఆ పరీక్ష వల్ల కాలిపోయిన రెగ్యులేటర్లు నా బల్ల మీదకి ఎన్నో వచ్చాయి. పాత కాలపు డైనమో బండ్లలో ఏదో నడిచిపోయింది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో బ్యాటరీ అనేది కుషన్ లాంటిది. కరెంటు పారుతుండగా దాన్ని ఒక్కసారిగా తప్పిస్తే వోల్టేజ్ ఎగిరి పదుల వోల్టులకు పోతుంది. లోపలి డయోడ్లు, రెగ్యులేటర్, మీటర్ బోర్డు, కంప్యూటర్ ఉన్న బండిలో అది కూడా పోవచ్చు. బాగున్న ఆల్టర్నేటర్‌ను పరీక్ష పేరుతో మనమే చంపినట్టవుతుంది.

మదనపల్లె తమ్ముడూ, నువ్వు చివర్లో చిన్న విషయం అని రాసిందే అసలు విషయం. ఆ సన్నటి ఎర్ర లైటు గురించి మొదట చెబుతాను.

ఆ బల్బుకు ఒక వైపు కరెంటు తాళం నుంచి వస్తుంది, అంటే బ్యాటరీ వైపు నుంచి. రెండో వైపు ఆల్టర్నేటర్ లోపలికి పోతుంది. తాళం తిప్పగానే ఆల్టర్నేటర్ ఇంకా తిరగడం లేదు కాబట్టి ఆ వైపు ఖాళీ. బల్బు గట్టిగా వెలుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక రెండు వైపులా ఒకే వోల్టేజ్ వస్తుంది, అప్పుడు పారడానికి ఏమీ ఉండదు, బల్బు ఆరిపోతుంది. నీ బండిలో రాత్రి పూట అది పూర్తిగా ఆరడం లేదు. అంటే రెండు వైపులా సమానంగా లేదు. ఆల్టర్నేటర్ తయారు చేసే వోల్టేజ్ ఒకటి, బ్యాటరీకి అందేది ఇంకొకటి. లోపలి డయోడ్ పోయినా ఇలా వెలగవచ్చు. కానీ నీ బండిలో లైట్లు వేస్తేనే తేడా వస్తోంది కాబట్టి నాకు దారి మీదే అనుమానం. మధ్యలో ఎక్కడో వైరు తినేస్తోంది.

షాపులో 13.9 వచ్చింది కదా అంటావు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, కానీ లైట్లూ ఫ్యానూ ఏవీ వేయకుండా, అంటే కరెంటు లోడ్ లేకుండా చూశారు. మీ వైపు డ్రిప్ ఉన్న తోటలు ఎక్కువ కదా. మట్టి పట్టి పూడుకుపోయిన పైపుకు చివర వాల్వ్ మూసి ప్రెషర్ చూడు, మంచి పైపులాగే చూపిస్తుంది. వాల్వ్ తెరిచి నీళ్లు వదిలితేనే సన్నటి ధార వచ్చి దాని బండారం బయటపడుతుంది. వైరు కూడా అంతే. పాతిక పోగుల్లో ఇరవై మూడు తెగిపోయినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ తాగే కరెంటు దాదాపు సున్నా.

నీ దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఉందా? లేకపోతే ఒకటి కొను, నాలుగైదు వందలది చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టుకో. ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, క్యాబిన్ ఫ్యాన్, వైపర్ అన్నీ వేయి. ఒకరిని కూర్చోబెట్టి కొంచెం రేస్ ఇచ్చి పట్టుకోమను, ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగే దగ్గర. అప్పుడు నాలుగు కొలతలు తీసి ఇక్కడ రాయి. బ్యాటరీ ప్లస్ నుంచి మైనస్‌కు ఎంత. ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బోల్టు నుంచి ఆల్టర్నేటర్ బాడీకి ఎంత. తరువాతి రెండూ ముఖ్యం: మీటర్ ఎర్ర వైరు ఆల్టర్నేటర్ లావు బోల్టు మీద, నల్ల వైరు బ్యాటరీ ప్లస్ మీద పెట్టు. రెండూ ప్లస్సే కదా అని ఆశ్చర్యపోకు, మధ్యలో వైరు ఎంత తింటోందో అదే చెబుతుంది. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి ఆల్టర్నేటర్ బాడీకి చూడు, అది ఎర్త్ వైపు నష్టం.

మీటర్ కొసలు వైరు చివర ఉండే థింబుల్ మీద కాకుండా బోల్టు మీద, బ్యాటరీ పోస్టు సీసం మీద పెట్టు. తిరిగే బెల్ట్, ఫ్యాన్ దగ్గర చొక్కా చేతులు, తువ్వాలు లేకుండా చూసుకో.


నంద్యాల రైతు

ఎర్త్ వైపు కూడా తప్పకుండా చూడండి. మా పాత వ్యాన్‌కు ఇలాగే బ్యాటరీ దిగేది. ఒకరోజు సెల్ఫ్ కొడుతుంటే యాక్సిలరేటర్ కేబుల్ చేతికి కాలింది. ఇంజిన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ పూర్తిగా తెగిపోయింది. కరెంటు వెనక్కి పోవడానికి దారి లేక ఆ సన్నటి కేబుల్ గుండా పోతోంది. కొత్త పట్టీ వేసి, కింద రంగు గీకి బిగిస్తే అంతటితో పోయింది. నూట యాభై రూపాయల పని.


మదనపల్లె పికప్

అన్నా, ఈ రోజు సాయంత్రం మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి చూశాను. మీరు చెప్పినట్టే అన్నీ వేశాక:

బ్యాటరీ దగ్గర 12.48
ఆల్టర్నేటర్ బోల్టు నుంచి దాని బాడీకి 14.30
ఆల్టర్నేటర్ బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కు 1.74
బ్యాటరీ మైనస్ నుంచి ఆల్టర్నేటర్ బాడీకి 0.08

లైట్లు, ఫ్యాన్, వైపర్ అన్నీ ఆపేస్తే ఆ 1.74 కాస్తా 0.4 దగ్గరకు పడిపోయింది. బ్యాటరీ దగ్గర 13.8 పైకి లేచింది. మూడుసార్లు వేసి ఆపి చూశాను, మూడుసార్లూ అంతే. ఇది ఎక్కువేనా?


అనంతపురం ఆటో ఎలక్ట్రీషియన్

చాలా ఎక్కువ. ప్లస్ దారిలో 0.2, మహా అయితే 0.3 దాటకూడదు. నీ కొలతలు ఎంత బాగా కుదిరాయో చూడు: 14.30 లోంచి 1.74, 0.08 తీసేయి, సరిగ్గా 12.48. కాబట్టి తప్పు కొలిచావేమో అన్న అనుమానం అక్కర్లేదు. నంద్యాల అన్న చెప్పిన ఎర్త్ సంగతి నిజం, అలాంటివి నేనూ చాలా చూశాను. కానీ నీ బండిలో 0.08 అంటే ఎర్త్ మంచిగా ఉంది. ఆల్టర్నేటర్ కూడా 14.30 ఇస్తోంది, దాని పని అది చేస్తోంది. ఇంకో రూపాయి దాని మీద పెట్టకు.

లోడుతో 12.48 అంటే బ్యాటరీకి చార్జింగ్ అనేదే లేదు. నిండిన బ్యాటరీ ఊరికే పడి ఉన్నా 12.6 ఉంటుంది. వాన వచ్చి వైపర్, ఫ్యాన్, హారన్, బ్రేక్ లైట్లు అన్నీ కలిసినప్పుడు బ్యాటరీయే ఎదురు ఇస్తోంది. వాలాజాపేట దగ్గర జరిగింది అదే.

ఇప్పుడు దారిని ముక్కలు చేసి వెతకాలి. నల్ల వైరు బ్యాటరీ ప్లస్ మీదే ఉంచు. ఎర్ర వైరును ఆల్టర్నేటర్ నుంచి ఒక్కో మజిలీ ముందుకు జరుపు: లావు వైరు ఫ్యూజ్ బాక్సులోకి వచ్చే బోల్టు, పెద్ద ఫ్యూజ్ దాటాక ఉండే బోల్టు, ఆ తరువాత బ్యాటరీ. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, దానికి ముందున్న ముక్కే దోషి. వైర్లు విప్పకుండానే దొంగ దొరుకుతాడు. అనుమానం వచ్చిన చోటల్లా టేపు కోసేస్తూ పోతే కొత్త సమస్యలు వస్తాయి.

ఒక ప్రశ్న. ఈ బండికి ఈ మధ్య ముందు వైపు ఏమైనా దెబ్బ తగిలిందా?


మదనపల్లె పికప్

అన్నా, మీకు ఎలా తెలిసింది? పోయిన ఏడాది దీపావళి తరువాత పుంగనూరు దగ్గర ఆవు అడ్డం వచ్చి, తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టాను. రేడియేటర్, ముందు బంపర్, ఎడమ హెడ్‌లైట్ పోయాయి. ఒక షెడ్డులో బాగు చేయించాను. వైరింగ్ కూడా కొంచెం తెగితే వాళ్లే కలిపారు.

ముక్కలుగా చూశాను. ఆల్టర్నేటర్ నుంచి ఫ్యూజ్ బాక్సు బోల్టు దాకా 1.60. ఫ్యూజ్ మీద 0.05. అక్కడి నుంచి బ్యాటరీ దాకా 0.09. అంతా మొదటి ముక్కలోనే ఉంది. ఇంజిన్ ఆపాక ఆ వైరు పొడవునా చెయ్యి వేసి తడిమాను. ఇంజిన్ మౌంటింగ్ దగ్గర ఒక చోట టేపు మెత్తగా, జిగటగా అయిపోయింది. ఆ జానెడు మేర మిగతా వైరు కన్నా బాగా వేడిగా ఉంది.


అనంతపురం ఆటో ఎలక్ట్రీషియన్

అదే. హెడ్‌లైట్లు రెండు 55 వాట్లవి అనుకుంటే 9 ఆంపియర్ల దాకా అవుతాయి, పార్కింగ్ లైట్లు, ఫ్యాన్, వైపర్ కలిపితే సుమారు 20. ఇరవై ఆంపియర్లు, 1.60 వోల్టులు, అంటే 32 వాట్లు ఆ జానెడు జాగాలో వేడిగా మారిపోతున్నాయి. నా బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకన్నా ఎక్కువ వేడి మీద నీ వైరు గంటల కొద్దీ ఉడుకుతోంది, పక్కనే డీజిల్ పైపు పోతూ ఉండొచ్చు. అందుకే దీన్ని చార్జింగ్ సమస్య అని మాత్రమే చూడకు. ఇది నిప్పు సమస్య. బాగు చేసేదాకా రాత్రి ట్రిప్పు ఎత్తకు, తమ్ముడూ. కిరాయి పోతే పోయింది.

పని ఇలా చేయించు. మొదట బ్యాటరీ నెగటివ్ విప్పాలి, చివర్లో అదే బిగించాలి. ఆల్టర్నేటర్ వెనక ఆ లావు బోల్టులో తాళం తీసినా కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే మెరుపులే. పాత జాయింట్‌ను మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టనివ్వకు. ఆల్టర్నేటర్ నుంచి ఫ్యూజ్ బాక్సు దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే కొత్త రాగి వైరు వేయించు, 16 స్క్వేర్ ఎంఎం, మెత్తటి సన్న పోగులది. రెండు చివరలా రాగి థింబుల్, చేతి క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కించి పైన హీట్ స్లీవ్. కొందరు సోల్డరింగే మేలంటారు. ఇంజిన్ అదురుకు సీసం గట్టిపడిన చోటే పోగులు తెగడం నేను చాలాసార్లు చూశాను, అందుకని నేను క్రింపింగ్ వైపే. పైన ముడతల పైపు తొడిగి ఇంజిన్ మౌంటింగ్ కదిలే చోట కొంచెం వదులు ఉంచాలి. తొందరలో ఫ్యూజ్‌ను తప్పించి నేరుగా బ్యాటరీకి కలుపుతామంటే ఒప్పుకోకు.


ట్రావెల్స్ డ్రైవర్, కర్నూలు

అన్నా, నేను చెప్పిన పరీక్ష తప్పని ఇప్పుడే తెలిసింది. ఇన్నేళ్లుగా చేస్తున్నాను, ఇక చేయను. మా బండి మీద కూడా ఈ లోడ్ కొలతలు తీస్తాను.


మదనపల్లె పికప్

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. రెండు కిరాయిలు వదులుకున్నాను. బండి మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర పెట్టి, నేనూ పక్కనే కూర్చుని చేయించాను.

టేపు కోస్తే లోపల రెండు తెగిన కొసలను చేతితో మెలిపెట్టి వదిలేశారు. థింబుల్ లేదు, స్లీవ్ లేదు. రాగి అంతా ఆకుపచ్చ చిలుము. కొంచెం కదిపితే పోగులు పొడి పొడిగా రాలాయి, చివరికి చేతిలో మిగిలింది నాలుగైదు పోగులు. టమాటా రసం కారుతుందని ప్రతి ట్రిప్పు తరువాత బండిని ప్రెషర్ నీళ్లతో కడిగిస్తాను. ఆ నీళ్లు టేపులోకి దిగి బయటికి రాలేక అక్కడే ఉండిపోయాయి. డీజిల్ పైపు నిజంగానే పక్కనే ఉంది, రెండు వేళ్ల దూరం. అది చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో వాళ్లకు ఇంకా చెప్పలేదు.

మీరు చెప్పిన వైరే వేయించాను. వైరు, థింబుల్స్, పైపు, కూలి అన్నీ కలిపి 1,150 అయింది. అన్నీ వేసి చూస్తే ఇప్పుడు ఆల్టర్నేటర్ దగ్గర 14.28, బ్యాటరీ దగ్గర 14.02. ప్లస్ దారిలో 0.18. ఎర్ర లైటు చీకట్లో దగ్గరగా కళ్లు పెట్టి చూసినా వెలగడం లేదు.

ఇంకో సందేహం. మూడు నెలలు సగం చార్జింగ్‌తో నడిచిన కొత్త బ్యాటరీ పాడైపోయి ఉంటుందా?


అనంతపురం ఆటో ఎలక్ట్రీషియన్

మంచి పని చేశావు. చాలా సంతోషం.

బ్యాటరీని ఇప్పుడే పారేయకు. సగం దిగిన బ్యాటరీ అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద తెల్లగా సల్ఫేట్ గట్టిపడుతుంది, మూడు నెలలే కాబట్టి చాలా వరకు తిరిగి రావచ్చు. విప్పి బయట చార్జర్‌కు పెట్టించు. 70 ఏహెచ్‌కు 7 ఆంపియర్లు దాటకుండా నిదానంగా ఒక రాత్రంతా. గంటలో చేసిస్తామనే ఫాస్ట్ చార్జింగ్ వద్దు. డిస్టిల్డ్ వాటర్ సరిచూసుకున్నాక, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు గడులూ విడివిడిగా చూడమను. అన్నీ 1250 దగ్గర లేదా పైన, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే బ్యాటరీ బతికినట్టే. ఒక్క గడి మాత్రం 1150 దగ్గర ఆగిపోయిందంటే ఆ గడి పోయినట్టు.

మొదటి రాత్రి ట్రిప్పులో సగం దారిలో ఆపి, ఇంజిన్ ఆపేసి, రెండు కొత్త థింబుల్స్ మీద వేలు పెట్టి చూడు. ఇంజిన్ వేడి ఎలాగూ ఉంటుంది, కానీ పక్కనున్న వైరు కన్నా థింబుల్ ఎక్కువ వేడిగా ఉండకూడదు.


మదనపల్లె పికప్

బ్యాటరీ ఆరు గడులూ 1240 నుంచి 1260 మధ్య వచ్చాయి. నిన్న రాత్రి లోడుతో పోయాను. వాలాజాపేట దాటాక, ఆ రోజు ఆగిన చోటుకు దగ్గర్లోనే ఆపి బానెట్ ఎత్తి చూశాను. థింబుల్స్, వైరు రెండూ ఒకే వేడి, వేలు పెట్టి ఉంచగలిగాను. కోయంబేడులో దించాక సెల్ఫ్ ఒక్క దెబ్బకు అందుకుంది. తోయడానికి ఎప్పటిలా ముందుకొచ్చిన హమాలీ అన్నకు అక్కర్లేదని చెప్పి, టీ తాగించి వచ్చాను.